నన్నారి షర్బత్: వేరులోని సువాసన సీసాలో నిలిచేలా ఇంట్లో తయారుచేసుకునే పద్ధతి

ఎండలు ముదిరేసరికి కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల వీధి మలుపుల్లో షర్బత్ బండ్లు వెలుస్తాయి. నిమ్మకాయల బుట్ట, గోనెపట్టా కప్పిన ఐసుగడ్డ, గాజు పాత్రలో ఉబ్బిన సబ్జా గింజలు, వాటి పక్కన ముదురు ఎరుపు రంగు పాకం నింపిన సీసాల వరుస మన ప్రాంతంలో అందరికీ తెలిసిన దృశ్యమే. ఆ సీసాల్లో ఉండవలసింది సుగంధిపాల వేర్ల సారం, అంటే మనం నన్నారి అని పిలుచుకునేది. అయితే రంగు, చక్కెర, కృత్రిమ సువాసన కలిపి నన్నారి పేరుతో అమ్మే పాకాలు కూడా అంగళ్లలో ఉన్నాయి. అసలు వేర్లతో చేసిన షర్బత్‌ను ఒక్కసారి తాగినవారికి ఆ రెండింటి తేడా వేరే చెప్పనక్కరలేదు.

ఇంట్లో చేసుకోవడం కష్టమైన పని కాదు. కానీ నేను మొదటిసారి చేసినప్పుడు వేర్లను గిన్నెలో వేసి, మూత పెట్టకుండా, ముప్పావుగంట సేపు మరిగించాను. ఇల్లంతా ఘుమఘుమలాడింది. పాకం చల్లారాక రుచి చూస్తే తీపి, దాని వెనక కొద్దిపాటి చేదు తప్ప ఏమీ మిగలలేదు. ఇంటినిండా వ్యాపించిన ఆ పరిమళం సీసాలోకి చేరవలసినదేనని అప్పుడు అర్థమయింది. నన్నారి వేరుకు ఆ వాసననిచ్చే ప్రధాన పదార్థం 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడ్ అనే రసాయనం. ఐస్‌క్రీముల్లో వాడే వెనిలాకు వాసననిచ్చే వెనిలిన్‌లో ఏయే పరమాణువులు ఎన్నెన్ని ఉన్నాయో ఇందులోనూ అవే, అన్నే ఉంటాయి. వాటి అమరిక మాత్రమే వేరు. నన్నారి వాసన కూడా వెనిలాను తలపిస్తుంది. ఈ పదార్థం ఆవిరితో పాటు తేలికగా ఎగిరిపోతుంది. కింద చెప్పబోయే పద్ధతిలో మూత పెట్టడం, మరిగించకుండా నానబెట్టడం, సారంలో కొంత భాగాన్ని చివరిదాకా దాచి ఉంచడం వంటివన్నీ దాన్ని పోనివ్వకుండా పట్టి ఉంచడానికే.

వేర్ల ఎంపిక

సుగంధిపాల సన్నని తీగ. ఆకు ముదురాకుపచ్చగా ఉండి, నడిమి ఈనె వెంట తెల్లని చార కనిపిస్తుంది. తీగను తుంపితే పాలు కారతాయి. సంస్కృతంలో దీన్ని సారిబ అనీ, అనంతమూలం అనీ అంటారు. వేర్లు పెన్సిలు కంటే సన్నగా, మెలికలు తిరిగి, పైన ముదురు గోధుమరంగు బెరడుతో, లోపల తెల్లటి గట్టి పుల్లతో ఉంటాయి. మూలికలు అమ్మే అంగళ్లలోనూ, కొన్ని పచారీ అంగళ్లలోనూ చిన్న చిన్న కట్టలుగా దొరుకుతాయి.

ఇదే వాసన గల మరొక మొక్క కూడా మన కొండల్లో ఉంది. నల్లమల, శేషాచలం కొండల రాళ్ల సందుల్లో పెరిగే ఆ తీగకు వేర్లు బొటనవేలంత లావున, కండగల గడ్డల్లాగా ఊరతాయి. వీటిని మారేడు గడ్డలు, మారేడు కొమ్ములు అంటారు. శివపూజకు వాడే మారేడు చెట్టుకూ వీటికీ సంబంధం లేదు. ఈ గడ్డలతో ఊరగాయ పెట్టే ఇళ్లున్నాయి, షర్బత్‌కూ వాడతారు. రెంటిలోనూ వాసననిచ్చే పదార్థం ఒకటే కాబట్టి ఏది దొరికినా షర్బత్ చేసుకోవచ్చు. నా మట్టుకు సన్నవేర్ల షర్బత్‌లోని సున్నితమైన పరిమళమే ఇష్టం. గడ్డల వాసన ఘాటుగా, సూటిగా తగులుతుంది. పైగా వేరు మొత్తం తవ్వి తీస్తే తీగ చచ్చిపోతుంది. అడవిలో గడ్డలు అంతకంతకూ అరుదైపోతున్నాయి కనుక ఒక ఇంటికి కావలసిన మేరకే కొనడం మంచిది.

కొనేటప్పుడు చూపు కంటే ముక్కును నమ్మాలి. ఒక వేరు తీసుకుని గోటితో బెరడును గీకి వాసన చూడండి. తాజా సరుకైతే గీకిన వెంటనే తియ్యటి పరిమళం వస్తుంది. గీకినా వాసన రాకపోతే అది ఏళ్ల తరబడి నిలవున్న వేరైనా అయి ఉండాలి, సారిబ పేరుతో అమ్ముడయ్యే వేరే తీగ వేరైనా అయి ఉండాలి. రెండూ మనకు పనికిరావు. బూజు మరకలున్నవీ, చేతికి తేమ తగిలేవీ వదిలేయండి. మొక్కను గుర్తుపట్టడం బాగా తెలిసినవారు పక్కన లేకుండా చేనిగట్ల మీదా, కొండవారలా తీగలను తవ్వి తెచ్చుకోవడం ఎంతమాత్రం తగదు; పాలుగారే తీగలన్నీ తాగదగినవి కావు.

కావలసినవి

బెరడు వలిచాక 100 గ్రాములు ఉండేలా వేర్లను కాస్త ఎక్కువగానే తెచ్చుకోవాలి. వీటికి ఒక లీటరు మంచినీళ్లు, కిలోన్నర చక్కెర, రసం నిండిన పెద్ద నిమ్మకాయ ఒకటి సరిపోతాయి. ఈ కొలతతో సుమారు 1.7 లీటర్ల పాకం వస్తుంది. గ్లాసుకు 30 మిల్లీలీటర్ల చొప్పున 55 గ్లాసుల దాకా కలుపుకోవచ్చు. బాగా బిగిసే మూతగల స్టీలు గిన్నె, లేదా లీటరు నీళ్లతో పాటు బెరడు కూడా పట్టే స్టీలు ఫ్లాస్కు, పలుచని తెల్లని నూలుగుడ్డ, గాజుసీసాలు సిద్ధం చేసుకోవాలి. నిమ్మరసం తగిలే పని కాబట్టి అల్యూమినియం గిన్నెలూ, కళాయి పోయిన ఇత్తడి గిన్నెలూ వాడవద్దు.

కిలోన్నర చక్కెర చూసి చాలామంది జంకుతారు. తగ్గించవచ్చా అని అడుగుతారు. పాకం బరువులో చక్కెర 65 శాతం దాకా ఉన్నప్పుడే అందులో బూజు, పులియజేసే సూక్ష్మజీవులు పెరగలేవు. వాటికి కావలసిన నీటిని చక్కెర పట్టి ఉంచుతుంది. అంతకంటే పలుచగా చేస్తే మన ఎండలకు వారం తిరగకముందే పాకం పొంగుతుంది. తీపి తక్కువ కావాలనుకునేవారు గ్లాసులో పాకం తగ్గించుకోవాలే గాని, సీసాలో చక్కెర తగ్గించకూడదు.

శుభ్రం చేయడం, బెరడు వలవడం

వేర్లకు మట్టి బాగా పట్టి ఉంటుంది. వాటిని నీళ్లలో ఐదు పది నిమిషాలు మాత్రమే ఉంచి, కుంచెతోనో కొబ్బరిపీచుతోనో రుద్ది, రెండు మూడుసార్లు నీళ్లు మార్చి కడగాలి. మట్టి వదులుతుందని గంటల తరబడి నానబెడితే సువాసన కూడా ఆ నీళ్లతోనే పోతుంది. కడిగినవాటిని గుడ్డ మీద పరిచి నీడలో ఆరనివ్వాలి, ఎండలో పెట్టకూడదు.

ఆరిన వేర్లను రోట్లో వేసి రోకలితో పైపైన తట్టండి. బెరడు చిట్లి, నడిమి పుల్ల విడివడుతుంది. ఆ తెల్లటి పుల్లను లాగి పారేయాలి, ఎందుకంటే దానిలో పరిమళం ఏమంత ఉండదు, నానితే నీళ్లకు కట్టె రుచి అంటుతుంది. సువాసన అంతా బెరడులోనే ఉంటుంది. మారేడు గడ్డలైతే చాకుతో పైపొట్టు గీకి, చీల్చి, నడిమి పీచును తీసేసి, కండను ముక్కలుగా కోసుకోవాలి. వలిచిన బెరడును కచ్చాపచ్చాగా దంచితే చాలు. మిక్సీలో మెత్తని పొడి చేస్తే సారం త్వరగా దిగుతుందన్నది నిజమే కానీ, ఆ పొడి గుడ్డలోంచి జారి పాకాన్ని మడ్డిగా మారుస్తుంది, మిక్సీ వేడికి కొంత వాసన కూడా పోతుంది. దంచిన వెంటనే నానబెట్టాలి; దంచి మరునాటికి ఉంచితే గాలికి పోయినట్టే.

సారం దింపడం

రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య ఈ పని మొదలుపెడితే తెల్లవారి చల్లటి వేళకు పాకం పని చేసుకోవచ్చు. లీటరు నీళ్లు తెర్లకాచి, పొయ్యి కట్టేసి, రెండు మూడు నిమిషాలు ఆగి, దంచిన బెరడు మీద పోయండి. పోసిన మరుక్షణమే మూత బిగించండి. గిన్నె అయితే మూత మీద బరువు పెట్టండి. ఫ్లాస్కు ఉంటే ఇంకా మంచిది: ఆవిరి బయటికి పోదు, నీళ్లు చాలాసేపు వేడిగానే ఉంటాయి కాబట్టి పులిసే భయం కూడా తగ్గుతుంది.

ఎనిమిది నుంచి పది గంటలు నానితే సరిపోతుంది. కోస్తావారి వంటపుస్తకాల్లోనూ, చల్లటి ప్రాంతాలవారి పద్ధతుల్లోనూ ఒక రోజంతా, ఒకటిన్నర రోజు నానబెట్టమని చెప్పడం చూస్తాం. మే నెలలో కర్నూలు వంటింట్లో అర్ధరాత్రి కూడా గోడలు వేడిగా ఉంటాయి. అలాంటప్పుడు తీపి లేని వేర్ల నీళ్లను బయట అంతసేపు ఉంచితే పులుపు వాసన వేస్తాయి. ఇంకా ఎక్కువసేపు నానబెట్టాలనుకుంటే చల్లారిన తర్వాత మూతతో సహా ఫ్రిజ్‌లో పెట్టాలి.

పొద్దున్నే గుడ్డను రెండు మడతలు వేసి వడకట్టండి. బెరడును మెల్లగా పిండాలి, మెలిపెట్టి పిండితే మడ్డి దిగుతుంది. వడకట్టిన నీళ్లను ఒక అరగంట కదలకుండా మూతపెట్టి ఉంచితే సన్నని మన్ను అడుగున పేరుకుంటుంది. పైన తేరిన నీళ్లను మాత్రమే వేరే గిన్నెలోకి వంచుకోవాలి. కొలిస్తే 800 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. తగ్గితే కాచి చల్లార్చిన నీళ్లతో సరిచేసుకోండి. ఈ సారం లేత ఎర్రమట్టి రంగులో ఉంటుంది. రుచి చూస్తే తీపి ఉండదు, కాస్త వగరుగా ఉంటుంది, మింగిన తర్వాత గొంతులో పరిమళం నిలుస్తుంది. అలా నిలవకపోతే వేర్లలోనే లోపమున్నట్టు, దానికి చక్కెర కలపడం వృథా.

పిండిన బెరడును పారేయవద్దు. దాంతో ఒక పని ఉంది, తర్వాత చెబుతాను.

పాకం పట్టడం

షర్బత్ బాగా రావడం, రాకపోవడం తేలేది ఇక్కడే. 800 మిల్లీలీటర్ల సారంలో 250 మిల్లీలీటర్లను మూతగల పాత్రలో పక్కకు తీసి ఉంచండి. మిగిలిన 550 మిల్లీలీటర్లలో కిలోన్నర చక్కెర పోసి, సన్నసెగ మీద కలుపుతూ కరగనివ్వండి. చక్కెర పూర్తిగా కరగకముందే మంట పెంచకూడదు; గిన్నె అంచున అంటిన పలుకులు తర్వాత సీసాలో గడ్డకట్టడానికి విత్తనాలవుతాయి. కరిగిన తర్వాత వడకట్టిన నిమ్మరసం పోయండి. నిమ్మలోని పులుపు వేడిలో చక్కెరను కొంత విడగొట్టి, అది మళ్లీ పలుకులు కట్టకుండా చేస్తుంది. ఇంత పాకానికి ఒక కాయ రసం రుచిలో తెలియదు.

ఇప్పుడు మంట కాస్త పెంచి మరగనివ్వండి. పైకి తెల్లటి నురుగు, చక్కెర మురికి తేలుతాయి, గరిటెతో తీసేయండి. నాలుగైదు నిమిషాలు మరిగాక ఒక చుక్కను వేళ్ల మధ్య పట్టి చూస్తే జిగురుగా అంటుకుని, తీగ సాగబోతున్నట్టుంటుంది. ఇంతకు మించి మరిగించవద్దు. పొయ్యి కట్టేసి, దాచి ఉంచిన 250 మిల్లీలీటర్ల సారాన్ని పోసి, ఒక్క నిమిషం కలిపి, వెంటనే మూత పెట్టండి.

ఈ దశను చాలామంది పాటించరు. సారమంతా చక్కెరతో కలిపి ఒకేసారి కాచేస్తారు. అప్పుడు సువాసన మొత్తం మరుగుతున్న పాకం మీది ఆవిరితో పోతుంది. దాచి ఉంచిన భాగాన్ని చివర కలిపితే అందులోని పరిమళం మరుగుదెబ్బ తినదు. పచ్చినీళ్లు కలిపినట్టయి పాకం చెడిపోదా అన్న సందేహం సహజమే. అంత చిక్కని పాకం నీటి మరుగు స్థాయిని దాటి వేడిగా ఉంటుంది. పావులీటరు సారం కలిశాక కూడా మొత్తం 90 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి రాత్రంతా నానిన నీటిలోని సూక్ష్మజీవులు నశిస్తాయి. అందుకే పొయ్యి కట్టిన వెంటనే, పాకం పొగలు కక్కుతుండగానే కలపాలి. అయిదు నిమిషాలు ఆగి కలిపితే ఈ రక్షణ ఉండదు.

రంగు విషయం ఒకటి చెప్పాలి. ఇంటి షర్బత్ తేనె రంగుకు కొంచెం ఎరుపు తోడైనట్టుంటుంది, బండి మీది సీసాల్లోలాగా నలుపెరుపుగా రాదు. ఆ ముదురు రంగు చాలావరకు మాడ్చిన చక్కెర వల్లనో, కలిపిన రంగు వల్లనో వచ్చేదే. ఇంట్లో పిల్లలు ఆ రంగే కావాలంటే రెండు చెంచాల చక్కెరను చిన్న గిన్నెలో ముదురు గోధుమరంగు వచ్చేదాకా కరిగించి, జాగ్రత్తగా కొద్దిగా వేడినీళ్లు చల్లి, పాకం మరిగేటప్పుడు కలపండి. నేను కలపను. బెల్లంతో చేసేవారూ ఉన్నారు కానీ, బెల్లం రుచి బలమైనది కావడంతో నన్నారి వాసన దాని కింద అణిగిపోతుంది.

సీసాలకెత్తడం

గాజుసీసాలను వేడినీళ్లతో కడిగి, చుక్క తడి లేకుండా ఎండలో ఆరబెట్టాలి. మూత పెట్టిన గిన్నెలోనే పాకం గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, ఒకసారి వడకట్టి సీసాల్లో పోయండి. మూత తీసి చల్లార్చితే పరిమళం పోవడమే గాక, ఆవిరి చెమ్మ మీద పడే దుమ్ముతో బూజు మొదలవుతుంది. ఇలా చేసిన పాకం నీడపట్టున వేసవి మూడు నెలలూ నిలుస్తుంది, ఫ్రిజ్‌లో ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. తడి చెంచా మాత్రం ముట్టించకూడదు. ఒక్క చెంచా నీళ్లు పడినా అవి చిక్కటి పాకం మీద తేలి, పైపొరను పలుచన చేస్తాయి. బూజు అక్కడే పుడుతుంది. మూత తీయగానే సోడా తెరిచినట్టు శబ్దం వచ్చినా, బుడగలు కనిపించినా, కల్లు వాసన వేసినా ఆ సీసాను పారబోయండి, మళ్లీ కాచి వాడవద్దు. అడుగున చక్కెర పలుకులు కట్టడం మాత్రం చెడిపోయిన గుర్తు కాదు. సీసాను గోరువెచ్చని నీళ్లలో నిలబెడితే కరిగిపోతుంది.

ఐసు, సబ్జా, గ్లాసు

పిండి ఉంచిన బెరడుతో ఇప్పుడు పని పడుతుంది. దాన్ని అరలీటరు నీళ్లలో వేసి, మూతపెట్టి పది నిమిషాలు సన్నసెగ మీద మరిగించి, చల్లార్చి, వడకట్టి, ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించండి. మామూలు ఐసు కరిగేకొద్దీ షర్బత్ చప్పబడుతుంది. ఈ ఐసు కరిగినా తీపి తగ్గుతుందే గాని వాసన నీరుగారదు. ఐసు విషయంలో మరో జాగ్రత్త కూడా అవసరం. వేసవిలో కర్మాగారాల నుంచి వచ్చే పెద్ద ఐసుగడ్డలన్నీ తాగే నీటితో చేసినవి కావు, చేపలను, సరుకులను చల్లగా ఉంచడానికి చేసినవి కూడా వాటిలో ఉంటాయి. ఇంటి షర్బత్‌కు ఇంటి ఐసే వాడుకోవాలి.

సబ్జా గింజలను గ్లాసుకు అర చెంచా చొప్పున, కనీసం ఇరవై రెట్ల నీళ్లలో పదిహేను ఇరవై నిమిషాలు ముందుగా నానబెట్టండి. ఒక్కో గింజ చుట్టూ తెల్లటి జిగురుపొర కట్టి, నల్లటి చుక్క మధ్యలో కనిపించాలి. ఎండుగింజలను నేరుగా గ్లాసులో చల్లకూడదు, అవి గొంతులోనే ఉబ్బే ప్రమాదం ఉంది. మరీ చిన్నపిల్లలకు సబ్జా లేకుండానే ఇవ్వండి.

కలిపే వరుస కూడా రుచిని మారుస్తుంది. పెద్ద గ్లాసులో ముందు అర నిమ్మచెక్క రసం, చిటికెడు ఉప్పు వేసి, 30 మిల్లీలీటర్ల పాకం పోసి బాగా కలపండి. చిక్కటి పాకం చల్లటి నీటిలో త్వరగా కలవక అడుగున దిగిపోతుంది కాబట్టి ముందే రసంతో కలిపేయాలి. తర్వాత 180 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లు, నానిన సబ్జా రెండు చెంచాలు, చివర మూడు నాలుగు ఐసు ముక్కలు వేయండి. నీళ్లకు బదులు సోడా పోసేటట్టయితే గ్లాసును వాల్చి అంచు వెంట పోసి, ఒక్కసారి మాత్రమే తిప్పండి. సోడాలో నిమ్మరసం కొంచెం తగ్గించడం మేలు, సోడాకు సొంత పులుపు ఉంటుంది. మా ఇంట్లో రంజాన్ నెలలో ఇరుగుపొరుగు ముస్లిం కుటుంబాలకు ఒక సీసా పంపుతాం. వాళ్లు ఉపవాసం విడిచే వేళ నిమ్మ లేకుండా, చల్లటి పాలలో కలుపుతారు. అదీ చాలా బాగుంటుంది.

ఎవరు, ఎంత

నన్నారిని చలవచేసే మూలికగా ఆయుర్వేదం చెబుతుంది, సారిబాద్యాసవం వంటి మందుల్లో వాడుతుంది. కానీ మనం చేసింది తీపి పానీయం, మందు కాదు. 30 మిల్లీలీటర్ల పాకంలో సుమారు 26 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఐదారు చెంచాలు. మధుమేహం ఉన్నవారికి ఇది తగదు. గర్భిణులూ, రోజూ మందులు వాడేవారూ వైద్యుణ్ణి అడిగి తాగాలి. వడదెబ్బ తగిలి తల తిరుగుతున్నవారికి, చెమట ఆగిపోయి ఒళ్లు కాలుతున్నవారికి షర్బత్ ఇస్తూ కాలయాపన చేయకండి. నీడకు చేర్చి, ఒళ్లు తడిపి గాలి తగలనిస్తూ ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. స్పృహ ఉండి తాగగలిగితే ఓఆర్‌ఎస్ ద్రావణం ఇవ్వాలి.

చక్కెర వద్దనుకునేవారికి కుండనీళ్ల దారి ఉంది. కడిగి, చితక్కొట్టిన వేర్లను ఒక పిడికెడు శుభ్రమైన గుడ్డలో మూటకట్టి, కాచి చల్లార్చిన నీళ్లు నింపిన మట్టికుండలో వేసి మూత పెట్టండి. మన సీమ గాలి పొడిగా ఉండటంతో కుండ గోడల చెమ్మ త్వరగా ఆవిరై, సముద్రతీరపు ఊళ్ల కంటే ఇక్కడ కుండనీళ్లు బాగా చల్లబడతాయి. సాయంత్రం వేస్తే పొద్దుటికి నీళ్లకు పరిమళం పడుతుంది. నిమ్మరసం, చిటికెడు ఉప్పు, సబ్జా చేర్చుకుంటే అదే ఒక పానీయం. కుండలో నీళ్లు ప్రతిరోజూ మార్చాలి, వేర్ల మూటను రెండో రోజు తర్వాత తీసేసి కొత్తది వేయాలి, మూట మార్చినప్పుడల్లా కుండ లోపల చెయ్యిపెట్టి రుద్ది కడిగి, ఒక పూట ఎండలో బోర్లించాలి.